ఎవరు చెప్పారు?

తెలుగు వికీపీడియాలో కొత్తగా ఖాతా తెరిచినవాళ్లలో చాలామంది ముందుగా వెతికేది సొంత ఊరి పేజీనే. నేనూ అంతే. పేజీ ఉంది. ఏ మండలం, ఏ జిల్లా, 2011 జనాభా లెక్కల ప్రకారం ఎన్ని ఇళ్లు, ఎందరు మగవాళ్లు, ఎందరు ఆడవాళ్లు, ఎన్ని హెక్టార్ల సాగు, ఎంత బంజరు, అన్నీ వరసగా ఉన్నాయి. నేనెరిగిన ఊరు మాత్రం అందులో కనబడలేదు. చెరువు లేదు, కట్ట మీది గుడి లేదు, తిరునాళ్ల లేదు. మా చెరువు కాకతీయుల నాటిదని తాతయ్య నోట విన్నాను. ఆ ఒక్క వాక్యం చేర్చాను. తర్వాత చూస్తే నా చర్చాపేజీలో అనుభవమున్న వికీపీడియను ఒకరు స్వాగతం పలికి, రాసి చూసుకునే ప్రయోగశాల పేజీ ఎక్కడుందో చూపించి, సంతకం ఎలా చెయ్యాలో చెప్పి, ఆఖర్న ఒక మాట అడిగారు: "చెరువు సంగతి ఎవరు చెప్పారండీ? ఎందులోనైనా అచ్చయిందా?"

పల్లెటూళ్లో పెద్దవాళ్ల మాటకు "ఎవరు చెప్పారు" అని ఎదురడగడం మర్యాద కాదు. చెప్పిన మనిషే దానికి సాక్ష్యం. తాతయ్య అబద్ధం ఆడరు కాబట్టి ఆయన చెప్పింది నిజం. నేను ఉన్నదున్నట్టు చెబుతాను కాబట్టి నా మాటా నిజం. మనుషులు ఒకరినొకరు ఎరిగి ఉన్నంత మేరా ఈ లెక్క చక్కగా నడుస్తుంది. కానీ విజ్ఞాన సర్వస్వం చదివే మనిషి తాతయ్యను ఎరగడు, నన్నూ ఎరగడు. ఆ చదివేది ఆదిలాబాద్‌లో బడిపిల్లవాడు కావచ్చు, డాలస్‌లో కూర్చుని అమ్మమ్మ పుట్టిన ఊరిని వెతుక్కుంటున్న అమ్మాయి కావచ్చు. నా నిజాయితీ వాళ్లకు కనిపించే వస్తువు కాదు. వాళ్లకు కనిపించేది వాక్యం, దాని పక్కన చిన్న అంకె, ఆ అంకె నొక్కితే వచ్చే పుస్తకం పేరు, పేజీ సంఖ్య. అది చాలు, అదే కావాలి.

మన భాషలో విజ్ఞాన సర్వస్వం పని మొదలైనప్పుడు పరిస్థితి వేరు. కొమర్రాజు లక్ష్మణరావు గారు ఆ బృహత్కార్యానికి పూనుకుని, కొద్దిమంది పండితుల తోడుతో ‘అ’ అక్షరం అంశాలతో మూడు సంపుటాలు తెచ్చి, పని చాలా మిగిలి ఉండగానే 1923లో కన్నుమూశారు. ఆ సంపుటాలకు ఆయన పేరే పూచీ. చరిత్రకారుడిగా ఆయన చేసిన శ్రమను తెలుగునాట చదువుకున్నవాళ్లు ఎరుగుదురు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియాకు అలాంటి పెద్దదిక్కు ఎవరూ లేరు. ఎవరైనా రాయొచ్చు, ఏ పేరుతోనైనా రాయొచ్చు. కాబట్టి సంపాదకుడి పేరు మొయ్యాల్సిన బరువంతా నియమాలు మొయ్యాల్సి వచ్చింది. ఈ సంగతి మనసుకెక్కిన తర్వాత నియమాల పేజీలు చదవడం నాకు భారమనిపించలేదు.

పేరును నమ్ముకుంటే ఏమవుతుందో ఆంగ్ల వికీపీడియాకు అనుభవంలోకి వచ్చింది. ఎస్జే అనే వాడుకరి తాను మతశాస్త్రం బోధించే ప్రొఫెసర్‌నని చెప్పుకున్నాడు. తోటివాళ్లు నమ్మారు, పెద్ద బాధ్యతలు అప్పజెప్పారు. ‘న్యూయార్కర్’ పత్రిక కూడా 2006లో అతన్ని అలాగే పరిచయం చేసింది. అతను ప్రొఫెసర్ కాడని, 24 ఏళ్ల యువకుడని 2007లో బయటపడింది. అందుకే, అసలు ప్రొఫెసరైనా సరే, ఇక్కడ చూపవలసింది పట్టా కాదు, పుస్తకం.

ఇదే నియమం ఎంత కఠినంగా ఉంటుందో అమెరికన్ నవలాకారుడు ఫిలిప్ రాత్‌కు 2012లో తెలిసింది. ఆయన నవల ‘ది హ్యూమన్ స్టెయిన్’లోని ముఖ్యపాత్రకు ఫలానా రచయిత జీవితం ప్రేరణ అని వికీలో ఉంది. అది తప్పు, తన స్నేహితుడు మెల్విన్ ట్యూమిన్‌కు జరిగిన సంఘటన నుంచి ఆ కథ పుట్టింది అని రాత్ తెలియజేశాడు. రాసినవాడికంటే ఎవరికి ఎక్కువ తెలుస్తుంది? అయినా మరోచోట ప్రచురితమైన ఆధారం ఉండాలన్నారు. ఆయన ‘న్యూయార్కర్’లో బహిరంగలేఖ రాశాడు. ఆ లేఖ అచ్చయ్యాక అదే మూలమైంది, వ్యాసంలోకి ఆయన మాట వచ్చింది. చాలామంది దీన్ని వికీపీడియా మొండితనానికి ఉదాహరణగా చెబుతారు. నాకు అలా అనిపించదు. "నేనే ఫిలిప్ రాత్‌ని" అంటూ ఎవరైనా రావచ్చు. సంతకం చేసి పత్రికలో వేసిన మాటకు మనిషి కట్టుబడి ఉంటాడు, రేపు దాన్ని ఎవరైనా తీసి చూడగలరు. లేఖకు ముందూ తర్వాతా ఆయన చెప్పింది ఒక్కటే. చదివేవాడు సరిచూసుకునే వీలు మాత్రం లేఖతోనే వచ్చింది.

సరే, రాత్‌కు ‘న్యూయార్కర్’ ఉంది. మా తాతయ్యకు ఏముంది?

ఈ ప్రశ్నతో చాలాకాలం తిరిగాను. తెలుగులో రాసేవాడికి ఇది మామూలు ప్రశ్న కాదు. మన ఊళ్ల చరిత్ర, వృత్తుల మెలకువలు, వ్యవసాయపు ఒడుపులు, ఇంటింటి పాటలు చాలావరకు పుస్తకాల్లోకి ఎక్కలేదు. మూలం లేనిదాన్ని తీసెయ్యమంటే మన బతుకులో సగానికి పైగా బయటే ఉండిపోతుంది. ఆ బాధతోనే జిల్లా గ్రంథాలయంలో పాత సంపుటాలు తిరగేస్తుంటే కైఫియత్తుల దగ్గర ఆగాను. ఈస్టిండియా కంపెనీ కొలువులో సర్వేయరుగా పనిచేసి 1815లో భారతదేశపు మొదటి సర్వేయర్ జనరల్ అయిన కాలిన్ మెకంజీ, ఆయన దగ్గర కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు, వాళ్ల కింద పనిచేసిన మనుషులు ఊరూరా తిరిగి కరణాలను, పెద్దలను కూర్చోబెట్టి ఊరు ఎప్పుడు పుట్టింది, ఎవరు ఏలారు, గుడి ఎవరు కట్టారు, ఏ మాన్యం ఎవరిది అని అడిగి రాయించారు. అవే కైఫియత్తులు. ఈ రోజు చరిత్రకారులు వాటిని మూలాలుగా వాడుతున్నారు.

ఆ పేజీలు చదువుతుంటే నాకు ఒక సంగతి స్పష్టమైంది. రెండు వందల ఏళ్ల కిందట ఆ మాట చెప్పింది కూడా ఒక తాతయ్యే. అరుగు మీద కూర్చుని తన తాత చెప్పింది తాను చెప్పాడు. తేడా ఒక్కటే, ఎదురుగా కూర్చున్న మనిషి కాగితం మీద పెట్టాడు, ఏ ఊళ్లో ఎవరి ద్వారా విన్నాడో గుర్తుపెట్టాడు. నోటిమాటకూ విజ్ఞాన సర్వస్వానికీ మధ్య ఒక మెట్టు ఉంది. ఆ మెట్టు కట్టడం చరిత్రకారుల పని, పత్రికల వాళ్ల పని, ఊళ్లో చదువుకున్నవాళ్ల పని. విజ్ఞాన సర్వస్వం దాని పైమెట్టు. కింది మెట్టు లేకుండా పైమెట్టు మీద నిలబడాలనుకోవడమే కొత్తగా వచ్చినవాళ్ల కోపానికి కారణమని నాకు తోచింది.

కైఫియత్తులో ఉన్నంతమాత్రాన అది సత్యమైపోదు. కరణం తన వంశాన్ని కొంచెం పెంచి చెప్పి ఉండొచ్చు. అందుకే అలాంటి వాక్యాన్ని "గ్రామ కైఫియత్తు ప్రకారం" అని మొదలుపెట్టాలని నేర్పారు. ఎవరి మాటో వాళ్లకే అప్పజెప్పాలి. ఈ అలవాటు ఒకసారి పట్టుబడితే పేపరు చదివేటప్పుడు, టీవీ చూసేటప్పుడు, పెళ్లిలో పక్కన కూర్చున్నాయన రాజకీయాలు చెప్పేటప్పుడు కూడా వదలదు. మా చెరువు సంగతి చెప్పే శాసనం కానీ కైఫియత్తు కానీ నాకు దొరకలేదు. తీసేసిన ఆ వాక్యం ఈ రోజుకీ పేజీలో లేదు. లేకపోవడమే సరైనదని నా అభిప్రాయం.

ఇంకో నియమం నా చేతికి అలవాటు కావడానికి చాలా కాలం పట్టింది. తెలుగు వికీపీడియాలో ఎవరికీ ‘గారు’ లేదు, ‘శ్రీ’ లేదు. ఏకవచనంలో రాయాలి. గిడుగు రామమూర్తి సవర భాషకు నిఘంటువు కూర్చాడు. కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రిక పెట్టాడు. ఇలా రాయాలంటే మొదట్లో వేళ్లు ఆడేవి కావు. పెద్దల పేరు పక్కన గారు పెట్టకపోతే నెత్తిన మొట్టికాయ వేసే ఇంట్లో పెరిగినవాణ్ణి. ఈ వ్యాసంలో కూడా లక్ష్మణరావు గారు అనే రాశాను, ఎందుకంటే ఇది నా గొంతు. కానీ ఒక్కసారి ఆలోచించండి. గారు అని ఎవరికి పెట్టాలి? స్వాతంత్ర్య సమరయోధులకు పెట్టాలి అంటాం. మంత్రులకు? సినిమా నటులకు? కోర్టులో శిక్షపడిన నాయకుడికి పెట్టాలా, తీసెయ్యాలా? నిజాం నవాబుకు? పొలం పనిచేసుకుంటూ పద్యాలు అల్లిన రైతుకు? ఎక్కడో ఒక గీత గియ్యాలి, ఆ గీత గీసినవాడి కులం, పార్టీ, ప్రాంతం, అభిమానం ఆ గీతలోకి దిగిపోతాయి. అందుకని ఎవరికీ వద్దన్నారు. జమీందారుకూ జీతగాడికీ ఒకటే క్రియారూపం. మన సమాజంలో ఇంత సమానత్వం ఇంకెక్కడా నేను చూడలేదు.

ఇందులో నాకు మిగిలిన అసంతృప్తి ఒకటుంది. మగవాడికి ‘వచ్చాడు’ అని రాస్తే మనిషిగానే ఉంటాడు. స్త్రీకి ‘వచ్చింది’ అని రాయాలి, ఆవుకూ బస్సుకూ వాడే క్రియ అదే. అది నియమం చేసింది కాదు, మన వ్యాకరణంలోనే ఉంది. అయినా ఆ వాక్యం రాసిన ప్రతిసారీ నా చెయ్యి కాస్త ఆగుతుంది. దీని మీద మళ్లీ మళ్లీ చర్చ జరగాలని కోరుకుంటాను.

విశేషణాల సంగతీ అంతే. ‘ప్రముఖ’, ‘సుప్రసిద్ధ’, ‘విశిష్ట’, ‘అద్భుతమైన’ ఇవన్నీ కొట్టెయ్యమంటారు. సన్మానపత్రాలు చదివి పెరిగిన మనకు ఇవి లేకపోతే వాక్యం బోసిగా అనిపిస్తుంది. కొట్టేశాక చూస్తే మనిషి చేసిన పని బయటపడుతుంది. పని ఏమీ లేకపోతే అదీ బయటపడుతుంది.

తటస్థంగా రాయడమంటే రెండు వైపులా చెరిసగం పంచడం అనుకునేవాణ్ణి. అలా కాదని తెలుగు కథ చరిత్ర నేర్పింది. తొలి తెలుగు కథానిక ఏది? 1910లో ‘ఆంధ్రభారతి’లో వచ్చిన గురజాడ ‘దిద్దుబాటు’ అని బడిలో చదువుకున్నాం. దానికి ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ ‘ధన త్రయోదశి’ ‘హిందూ సుందరి’ పత్రికలో అచ్చయిందని తర్వాతి పరిశోధకులు చూపించారు. ఆధునిక కథా లక్షణాలు దేనిలో ఉన్నాయి అన్నదాని మీద పండితులకు ఏకాభిప్రాయం లేదు. ఇక్కడ వికీలో రాసేవాడు న్యాయమూర్తి కాకూడదు. ఏ కథ ఏ సంవత్సరం ఎక్కడ అచ్చయిందో చెప్పాలి, దేన్ని తొలి కథ అని ఎవరు ఎందుకు అంటున్నారో చెప్పాలి, పక్కకు తప్పుకోవాలి. నా మనసు అచ్చమాంబ వైపే ఉంది. ఆ సంగతి ఇక్కడ రాయగలను, అక్కడ రాయలేను. ఈ రెండు చోట్లూ ఉండటం మంచిదే.

అచ్చమాంబ లక్ష్మణరావు గారికి స్వయానా అక్క. చరిత్రలో నిలిచిన స్త్రీల జీవితాలను వెతికి వెతికి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’గా కూర్చింది. తమ్ముడు విజ్ఞాన సర్వస్వం మొదలుపెట్టక ముందే, 1905లో, ముప్పై ఏళ్లు దాటీ దాటకుండానే పోయింది. ఎవరి జీవితం రాయదగింది అన్న ప్రశ్నకు ఆవిడ అంత ముందే తన జవాబు రాసిపెట్టింది. వికీపీడియా ఆ ప్రశ్నను విషయ ప్రాముఖ్యత అంటుంది. ఒక వ్యక్తి మీద ప్రత్యేక వ్యాసం ఉండాలంటే ఆ వ్యక్తితో సంబంధంలేని వాళ్లు, నమ్మదగిన చోట, కాస్త వివరంగా రాసి ఉండాలి. ఈ నియమం లేకపోతే ప్రతి వార్డు మెంబరుకూ, ప్రతి కొత్త హీరోకూ ఒక పేజీ లేస్తుంది. ఉండాల్సిందే. కానీ ఇది కొందరి విషయంలో అన్యాయం చేస్తుంది. కెనడా శాస్త్రవేత్త డోనా స్ట్రిక్‌ల్యాండ్ మీద రాసిన చిత్తుప్రతిని 2018 మే నెలలో మూలాలు చాలవని ఆంగ్ల వికీపీడియాలో తిప్పికొట్టారు. అదే ఏడు అక్టోబరు 2న ఆమెకు భౌతికశాస్త్రంలో నోబెల్ ప్రకటించారు. మేరీ క్యూరీ, మరియా గొప్పర్ట్ మేయర్ తర్వాత ఆ బహుమతి అందుకున్న మూడో మహిళ ఆమె. ప్రకటన వచ్చేనాటికి ఆమె మీద వ్యాసం లేదు. నియమం ప్రకారమే చేశారు, తప్పూ జరిగింది. పత్రికలు, పుస్తకాలు ఎవరిని పట్టించుకోలేదో వాళ్లను విజ్ఞాన సర్వస్వమూ పట్టించుకోలేదు. మన కథల్లోనూ, సంగీతంలోనూ, ఉద్యమాల్లోనూ ఎందరు స్త్రీల పేరు మీద ఒక్క మంచి వ్యాసమైనా అచ్చయిందో లెక్క తీస్తే మన పరిస్థితీ ఇదే.

కాలం విషయంలో ఉన్న జాగ్రత్త కూడా నాకు ఇష్టం. ‘ప్రస్తుతం’, ‘ఇటీవల’, ‘గత ఏడాది’ అని రాయొద్దంటారు. ఆ మాట ఎంత అవసరమో మన జిల్లాలే రుజువు. తెలంగాణలో 2016 అక్టోబరు 11న 10 జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్ 4న 13 కాస్తా 26 అయ్యాయి. ప్రతి ఊరి వ్యాసంలో మొదటి వాక్యమే మారాలి. ప్రభుత్వ ఉత్తర్వులు ముందు పెట్టుకుని, ఏ మండలం ఎటు వెళ్లిందో చూసుకుంటూ, పాత జిల్లా పేరు ఏ తేదీ దాకా చెల్లిందో రాస్తూ వేల పేజీలు సరిచేసిన స్వచ్ఛంద సంపాదకులున్నారు. పైసా రాదు, పేరు రాదు. నియమం అంటే ఏమిటో వాళ్ల మార్పుల జాబితా చూస్తే అర్థమవుతుంది.

కాపీహక్కుల గురించి ఒక్క మాట. నెట్‌లో దొరికిన హీరో ఫొటో, సినిమా పాట సాహిత్యం, పేపర్లోని పేరా ఇవేవీ తెచ్చి అతికించకూడదు. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్ల వరకు రచన మీద హక్కు ఉంటుంది. 1940లో పోయిన గిడుగు రచనలు అందరివీ. 1983లో పోయిన శ్రీశ్రీ రచనలు 2044 దాకా ఆగాలి.

ఇన్ని నియమాల మధ్య అన్నిటికంటే పెద్దదాన్ని తక్కువమంది గుర్తుపెట్టుకుంటారు. వికీపీడియా ఐదు మూలస్తంభాల్లో నాలుగోది తోటివారిని గౌరవించమంటుంది. ఐదోది, కచ్చితమైన నియమాలంటూ లేవు అంటుంది. విజ్ఞాన సర్వస్వాన్ని బాగుచెయ్యడానికి ఏ నియమమైనా అడ్డొస్తే దాన్ని పక్కనపెట్టమని రాసి ఉంది. చొరవ తీసుకోమని కొత్తవాళ్లకు చెప్పేదీ ఇందుకే. ఏ మార్పైనా చరిత్రలో ఉంటుంది, వెనక్కి తేవచ్చు, శాశ్వతంగా పాడయ్యేది ఏమీ లేదు. అంత భద్రత ఉన్నచోట ఒక కొత్త సంపాదకుణ్ణి నాలుగు నియమాల పేర్లు విసిరి వెళ్లగొట్టడం కంటే పెద్ద నష్టం లేదు. తీసేసిన వాక్యాన్ని మళ్లీ తేవచ్చు, మనసు విరిగి వెళ్లిపోయిన మనిషిని తేలేం. నా చర్చాపేజీలో ఆ మొదటి ప్రశ్న అడిగినవారు అడిగే ముందు స్వాగతం చెప్పారు. ఇప్పటికీ నేను అక్కడ ఉండటానికి కారణం అదే. నేనూ కొత్తవాళ్లకు అలాగే రాస్తున్నాను.

చదువుతున్న మీకు వికీపీడియాలో రాసే తీరిక ఉండకపోవచ్చు. దానికంటే ముందు చెయ్యాల్సిన పని మీ చేతిలో ఉంది. మీ ఊరి గురించి, మీ బడి గురించి, మీ వృత్తి గురించి తెలిసిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్ల దగ్గర కూర్చోండి, అడగండి, రాయండి. రాసింది స్థానిక చరిత్ర తెలిసినవారికి చూపించండి, పత్రికకు పంపండి. బడి స్వర్ణోత్సవ సంచికైనా, గుడి స్థలపురాణమైనా, ఊరి చరిత్ర మీద నలభై పేజీల చిన్న పుస్తకమైనా శ్రద్ధగా వేయించండి. ఒక ప్రతి జిల్లా గ్రంథాలయానికి ఇవ్వండి, వీలైతే స్వేచ్ఛా లైసెన్సు మీద ఆన్‌లైన్ గ్రంథాలయమైన వికీసోర్స్‌కూ ఇవ్వండి. మూలం ఏర్పడితే వ్యాసం రాసేవాళ్లు తప్పకుండా వస్తారు. ఒక్క మనవి, పుస్తకం మీద అచ్చయిన సంవత్సరం వెయ్యడం మరిచిపోకండి.